ఆటిజం ఉన్న చిన్నారికి మామూలు బడిలో తోడ్పాటు సాధించడం ఎలా?

మా అబ్బాయికి ఎల్‌కేజీ సీటు కోసం తిరిగిన రోజుల్లో మూడు బడుల ఆఫీసు గదుల్లో కూర్చుని ఒకే మాట విన్నాను: "మీ బాబుకు మేము న్యాయం చేయలేమండీ." ఆ మాటలో మర్యాద ఉంది, సానుభూతి కూడా ఉంది, సీటు మాత్రం లేదు. రేపు ఉదయం తొమ్మిది గంటలకు నలభై మంది పిల్లల మధ్య ఈ బాబుతో ఏం చేయాలో తమకు తెలియదన్న భయాన్నే వాళ్లు అంత మర్యాదగా చెప్పారని గ్రహించడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఆ భయానికి చట్టం సెక్షన్లతో జవాబు చెబితే బడి మరింత బిగుసుకుంటుంది. పిల్లవాడి గురించి కచ్చితమైన, చిన్న చిన్న వివరాలతో జవాబు చెబితే చాలావరకు సడలుతుంది. చట్టం అవసరమే, కానీ దాని చోటు సంచి అడుగున. ఈ మార్గదర్శి అదే వరుసలో సాగుతుంది. ఇందులోని విషయాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడులను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

1. కాగితాలు సిద్ధం చేసుకోండి, వాటి కోసం బడిని ఆపకండి

మొదట కావలసినది రోగ నిర్ధారణ నివేదిక. పిల్లల ఎదుగుదల నిపుణుడైన డాక్టరు గాని, క్లినికల్ సైకాలజిస్టు గాని ఇచ్చిన నివేదికను బడులు సాధారణంగా అంగీకరిస్తాయి. ప్రైవేటు ఖర్చు భరించలేనివారికి జిల్లా ఆసుపత్రులలోని సత్వర చికిత్సా కేంద్రాలు, అంటే డీఈఐసీలు, ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలోనూ పరీక్షలు చేస్తారు. మన దేశంలో ఆటిజం తీవ్రతను అంచనా వేయడానికి వాడే ఐసా అనే కొలమానంలో 40 అంశాలు ఉంటాయి. మొత్తం స్కోరు 70 కన్నా తక్కువగా ఉంటే ఆటిజం లేదని లెక్క.

రెండవది వైకల్య ధ్రువపత్రం. మన ఊళ్లలో అందరూ సదరం సర్టిఫికెట్ అనే పిలుస్తారు. దానితోపాటు దేశమంతటా చెల్లే యూడీఐడీ కార్డు కూడా ఉంటుంది. ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు ఒక విషయంలో పొరబడుతున్నారు. 40 శాతం వైకల్యం నమోదు కాకపోతే ఏ హక్కూ ఉండదని అనుకుంటున్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల జాబితాలో ఆటిజం ఉంది. 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య వంటి కొన్ని ప్రయోజనాలకు 40 శాతం కావాలి. బడి వివక్ష లేకుండా చేర్చుకోవడానికి, పిల్లవాడి అవసరాలకు తగిన సర్దుబాట్లు చేయడానికి మాత్రం ఆ గీటురాయి లేదు. కాబట్టి సదరం స్లాటు దొరికే వరకు బడి ప్రయత్నం వాయిదా వేయవలసిన పని లేదు.

చేరిన తర్వాత మరొక చిన్న పని ఉంది. ప్రతి బడి ఏటా యూడైస్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో విద్యార్థుల వివరాలు నింపుతుంది. అందులో మీ పిల్లవాడిని ప్రత్యేక అవసరాలున్న విద్యార్థిగా నమోదు చేశారో లేదో అడిగి తెలుసుకోండి. బడులు ఆ గడిని ఖాళీగా వదిలేయడం మామూలే. ఆ తర్వాత పైఅధికారుల దగ్గర మాట్లాడవలసి వచ్చినప్పుడు మీ పిల్లవాడు ఏ లెక్కలోనూ లేడని తేలుతుంది.

2. భవనాన్ని కాకుండా ఉదయం ప్రేయర్‌ను చూడండి

అడ్మిషన్ల కౌంటరు దగ్గర చూపించే స్మార్ట్ బోర్డులు, ఈత కొలను మన పిల్లలకు అంతగా ఉపయోగపడవు. వీలైతే ఉదయం ప్రేయర్ సమయానికి ఒకసారి, మధ్యాహ్నం అన్నాల వేళకు ఒకసారి వెళ్లి రండి. మైకు ఎంత గట్టిగా మోగుతోంది, సెక్షన్‌కు ఎంతమంది ఉన్నారు, టీచర్లు మాట్లాడుతున్నారా అరుస్తున్నారా, వరుస తప్పిన పిల్లవాడిని ఎవరు ఎలా తిరిగి తెస్తున్నారు అన్నవి ఆ పది నిమిషాల్లో తెలిసిపోతాయి. మరుగుదొడ్డి కూడా చూడండి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది ఫ్లష్ శబ్దానికో, వాసనకో, చీకటికో భయపడి సాయంత్రం వరకు ఆపుకుంటారు. అలా ఆపుకున్న పిల్లవాడు రెండు గంటలకు గొడవ చేస్తే టీచరు దాన్ని మొండితనం అనుకుంటుంది.

ఒక ప్రశ్న తప్పక అడగండి: "ఇప్పటికే మీ దగ్గర ఇలాంటి పిల్లలు చదువుతున్నారా? వాళ్ల క్లాస్ టీచర్‌తో ఐదు నిమిషాలు మాట్లాడవచ్చా?" ఆ టీచరు పిల్లవాడి గురించి ఇష్టంగా ఒక్క చిన్న సంగతి చెప్పగలిగితే ఆ బడి మీద ఆశ పెట్టుకోవచ్చు.

నా అనుభవంలో పేరున్న గొలుసు బడి కన్నా సందులోని చిన్న బడి మేలు. చిన్న బడిలో కరస్పాండెంట్ కుర్చీలో కూర్చునే నిర్ణయం తీసుకుంటారు. పెద్ద బడిలో ప్రిన్సిపాల్‌కు ఇష్టమున్నా జోనల్ ఆఫీసును అడగాలి. అయితే చిన్న బడిలో ఆ ఒక్క మంచి టీచరు మానేస్తే మొత్తం కథ మొదటికి వస్తుందని కూడా తెలిసి ఉండాలి.

ప్రభుత్వ బడిని చూడకుండానే జాబితాలోంచి కొట్టేయకండి. సమగ్ర శిక్షా పథకం కింద మండలాల్లో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి, వాటిలో ప్రత్యేక విద్యలో శిక్షణ పొందిన రిసోర్స్ పర్సన్లు, అంటే ఐఈఆర్‌పీలు, ఉంటారు. పిల్లవాడు మామూలు ప్రాథమిక పాఠశాలలో చదువుతూనే కొన్ని రోజులు భవిత కేంద్రానికి వెళ్లవచ్చు. పాతికకు మించని పిల్లలతో, చెట్టు నీడతో, మైకు గోల లేకుండా నడిచే ప్రాథమిక పాఠశాలలు మన పల్లెల్లో చాలా ఉన్నాయి. కొందరు పిల్లలకు అంతకన్నా మంచి చోటు దొరకదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు బడుల ఒకటో తరగతిలో విద్యాహక్కు చట్టం కింద కేటాయించే 25 శాతం సీట్లకు దివ్యాంగ పిల్లలు కూడా అర్హులే. నోటిఫికేషన్ వచ్చినప్పుడు తేదీలు గమనించుకోవాలి.

3. దాచవద్దు

"చెబితే సీటు ఇవ్వరు, చేరాక వాళ్లే అలవాటు పడతారు" అని చుట్టాలు సలహా ఇస్తారు. వాళ్ల ప్రేమను శంకించనవసరం లేదు కానీ సలహా మాత్రం మంచిది కాదు. దాచిన రెండో వారానికే పిల్లవాడి ప్రవర్తనకు బడి తనకు తోచిన పేరు పెట్టుకుంటుంది. పిలిస్తే పలకకపోవడం పొగరు అవుతుంది, చెవులు మూసుకోవడం నాటకం అవుతుంది, చివరికి అంతా పెంపకం లోపం అవుతుంది. ఒకసారి పడిన ఆ ముద్రను చెరపడం కన్నా, సీటు ఇవ్వని బడిని వదిలి మరో బడి వెతుక్కోవడం సులభం.

అయితే అందరికీ అన్నీ చెప్పనక్కరలేదు. ప్రిన్సిపాల్, క్లాస్ టీచర్, ఆయమ్మ, వ్యాన్ డ్రైవర్, ఈ నలుగురికి తెలియాలి. నిజానికి పిల్లవాడిని అత్యంత కష్ట సమయాల్లో చూసేది చివరి ఇద్దరే, వాళ్లకు చెప్పాలన్న ఆలోచనే మనకు చివరికి గాని రాదు.

4. ఒక్క పేజీ రాయండి

డాక్టరు ఇచ్చిన పన్నెండు పేజీల నివేదికను ఏ టీచరూ చదవదు, చదవాలని ఆశించడం కూడా న్యాయం కాదు. దానికి బదులు మీరే తెలుగులో ఒక పేజీ రాసి, పైన పిల్లవాడి ఫొటో అంటించి ఇవ్వండి. మేము ఇచ్చిన పేజీలో కొంత భాగం ఇది:

"పేరు పెట్టి పిలిస్తే వెంటనే తిరిగి చూడడు. వినపడక కాదు. ఎదురుగా వచ్చి ఒక్క మాటలో చెప్పి, మనసులో పది లెక్కపెట్టే వరకు ఆగండి. 'పుస్తకం మూసి, బ్యాగులో పెట్టి, లైన్లో నిలబడు' అంటే మొదటిదో చివరిదో మాత్రమే అందుతుంది. మైకు, గంట, కుర్చీలు ఈడ్చే శబ్దం భరించలేడు. చేతులు గబగబా ఆడిస్తున్నాడంటే సంతోషంగా ఉన్నాడని గాని, కంగారు మొదలైందని గాని అర్థం, ముఖం చూస్తే తెలుస్తుంది. కంగారైతే తలుపు దగ్గర ఐదు నిమిషాలు నిలబడనివ్వండి, తనంతట తానే తిరిగి వస్తాడు. ఆ సమయంలో పట్టుకోవద్దు, ప్రశ్నలు అడగవద్దు. రైళ్ల గురించి మాట్లాడితే మీకు స్నేహితుడైపోతాడు. పెరుగన్నం తప్ప మరేమీ తినడు, బలవంతం చేయవద్దు. దాహం వేస్తే అడగడు, బాటిల్ బల్ల మీద కనబడేలా ఉంచండి."

ఇందులో ఆటిజం అన్న మాట ఒక్కసారి కూడా లేదని గమనించండి. ఆ మాట నివేదికలో ఉంది. ఈ పేజీలో ఉండవలసినది, టీచరు రేపు ఉదయం ఏం చేయాలన్నది. పిల్లవాడికి ఏమేమి రావో అన్న జాబితాగా దీన్ని మార్చకండి, అతనికి ఇష్టమైనవి కనీసం రెండు ఉండాలి.

5. ఐదుకు మించకుండా, ఖర్చు లేనివి అడగండి

చేరిన మొదటి వారంలోనే క్లాస్ టీచర్‌తో, ప్రిన్సిపాల్‌తో అరగంట సమావేశం కోరండి. పీటీఎం రోజు వరుసలో నిలబడి మాట్లాడే విషయం కాదిది. థెరపిస్టు చెప్పిన ఇరవై అంశాలు తీసుకెళితే బడి ఒక్కటీ చేయదు. తొలి మూడు నెలలకు మేము అడిగినవి ఇవి: కిటికీ పక్కన కాకుండా ముందు వరుసలో గోడ వైపు సీటు, ఆ రోజు పీరియడ్లు వరుసగా చూపించే బొమ్మల పట్టీ ఒకటి బల్ల మీద, ప్రేయర్‌లో మైకుకు దూరంగా చివర నిలబడే వెసులుబాటు, బోర్డు మీది పది వాక్యాల్లో నాలుగు రాస్తే చాలునన్న అంగీకారం, కంగారైనప్పుడు వెళ్లి నిలబడడానికి ఒక మూల. బొమ్మల పట్టీ మేమే అట్టముక్క మీద చేసి ఇచ్చాం. పీరియడ్ అయిపోగానే పిల్లవాడే ఆ బొమ్మను తీసి సంచిలో వేస్తాడు. తర్వాత ఏం జరగబోతోందో కళ్లకు కనబడుతుంటే సగం గొడవలు తగ్గుతాయి.

గంట సంగతి ఇక్కడ చెప్పాలి. మా బడిలో గంట అంటే వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. అది మోగిన ప్రతిసారీ మావాడు చెవులు మూసుకుని బల్ల కిందికి వెళ్లేవాడు. రెండు నిమిషాల ముందు హెచ్చరించడం, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టడం వంటివన్నీ ప్రయత్నించాం, కొంత ఫలితం కనబడింది. ఒకరోజు ఆయమ్మ ఎవరినీ అడగకుండా అతని చెయ్యి పట్టుకుని చెట్టు దగ్గరికి తీసుకెళ్లి, ఇనుప కడ్డీ చేతికిచ్చి, "నువ్వే కొట్టు నాన్నా" అంది. మెల్లగా ఒకసారి కొట్టాడు, ఆగి మరోసారి కొట్టాడు. మధ్యాహ్నం అన్నాల గంట కొట్టే పని ఆ నెలంతా అతనిదే. శబ్దం ఎప్పుడు వస్తుందో తన చేతిలో ఉన్నప్పుడు దాని భయం తగ్గింది. ఏ థెరపీ ప్రణాళికలోనూ లేని ఉపాయమది. అందుకే బడిలో పనిచేసే వాళ్ల మాట వినడానికి మనమూ సిద్ధంగా ఉండాలి.

సమావేశం ముగిసిన రోజు సాయంత్రమే ఒక చిన్న ఉత్తరం పంపండి, ఈమెయిల్ అయినా సరే, డైరీలో రాసినా సరే: "ఈ రోజు మీరు సమయం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. మనం అనుకున్నవి: ముందు వరుసలో సీటు, బొమ్మల పట్టీ, ప్రేయర్‌లో చివర నిలబడడం, తక్కువ రాత పని, నిలబడడానికి ఒక మూల. దసరా సెలవులకు ముందు మరోసారి కలుద్దాం." ఇది ఫిర్యాదు కాదు కాబట్టి ఎవరూ నొచ్చుకోరు. కానీ నోటి మాటగా మిగిలినది టీచరు మారగానే పోతుంది, కాగితం మీద ఉన్నది నిలుస్తుంది.

6. ప్రణాళికను కొలవగలిగేలా రాయించండి

స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్న బడి అయితే వ్యక్తిగత విద్యా ప్రణాళిక, వాడుకలో ఐఈపీ, తయారు చేయమని అడగండి. "సామాజిక నైపుణ్యాలు మెరుగుపడాలి" అన్న లక్ష్యం ఎవరికీ ఉపయోగపడదు, అది నెరవేరిందో లేదో చెప్పే దారి లేదు. "ఆగస్టు నెలాఖరుకు, వారంలో 5 రోజులకు 4 రోజులు, గుర్తు చేయకుండా లంచ్ డబ్బా తెరిచి, తిని, మూసి బ్యాగులో పెట్టుకోవాలి" అన్నది లక్ష్యం. ఒక్కసారికి మూడు చాలు: చదువుకు సంబంధించి ఒకటి, మాట లేదా సైగతో అడగడానికి సంబంధించి ఒకటి, సొంత పనికి సంబంధించి ఒకటి.

సమీక్షలను దసరా, సంక్రాంతి సెలవులకు ముందు పెట్టుకోవడం మంచిది. సెలవుల తర్వాత మన పిల్లలు చాలామంది కొన్ని మెట్లు వెనక్కి వెళతారు. ఆ సంగతి ముందే అనుకుని ఉంటే తిరిగి తెరిచిన మొదటి వారం సగం పూటకే పంపడం వంటివి సర్దుకోవచ్చు. స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పరిచయం చేసినవారికి భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడంలో తప్పు లేదు. ప్రాథమిక తరగతుల్లో ప్రత్యేక అవసరాలున్న ప్రతి 10 మందికి ఒక స్పెషల్ టీచరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో నిర్దేశించింది. ఆచరణ ఇంకా చాలా దూరంలో ఉందన్నది వేరే విషయం.

7. షాడో టీచర్ గురించి

షాడో టీచర్ అంటే క్లాసులో ఒక్క పిల్లవాడికే తోడుగా ఉండే సహాయకురాలు. "మీరు షాడో టీచర్‌ను పెట్టుకుంటే చేర్చుకుంటాం" అన్న షరతు ఇప్పుడు నగరాల్లో మామూలైపోయింది. ఆ జీతం తల్లిదండ్రులే ఇవ్వాలి, చాలా ఇళ్లలో అది బడి ఫీజును మించిపోతుంది. పిల్లవాడికి నిజంగా అవసరమున్న దశ ఉంటుంది, ముఖ్యంగా పరుగెత్తి గేటు దాటిపోయే అలవాటు ఉన్నప్పుడు. కానీ షాడో టీచర్ పక్కన కూర్చున్న రోజు నుంచి క్లాస్ టీచర్ ఆ పిల్లవాడి వైపు చూడడం మానేస్తుంది, తోటి పిల్లలు కూడా అతనితో కాకుండా ఆమెతో మాట్లాడతారు. కాబట్టి పెట్టుకోక తప్పకపోతే మూడు విషయాలు ముందే తేల్చుకోండి: ఆమె పిల్లవాడి పక్కన కాకుండా వెనుక కూర్చోవాలి, పాఠం చెప్పే బాధ్యత క్లాస్ టీచర్‌దే, ఏ నెల నుంచి ఏ పీరియడ్‌లో ఆమె బయట ఉంటుందో ముందే రాసుకోవాలి.

8. గొడవ జరిగిన రోజు

ఫోను వస్తుంది: "మీ బాబు పక్క పాపను కొరికాడు, వెంటనే రండి." వెళ్లగానే క్షమాపణ చెప్పండి, ఆ పాప ఎలా ఉందో అడగండి. ఆ తర్వాత సంజాయిషీలకు బదులు ఒక నోటుబుక్కు తీయండి. మూడు గళ్లు గీయండి: దానికి ముందు ఏం జరిగింది, అతను ఏం చేశాడు, వెంటనే ఏం జరిగింది. టీచరు ఒక్కో వాక్యం రాస్తే చాలు. రెండు వారాలు రాసేసరికి మాకు తేలిన సంగతి ఏమిటంటే, అయిదు గొడవల్లో నాలుగు డ్రిల్ పీరియడ్ రద్దయి క్లాసులోనే కూర్చోబెట్టిన రోజుల్లో జరిగాయి. ఆ రోజుల్లో ముందే చెప్పి బొమ్మ మార్చడం మొదలుపెట్టాక కొరకడం దాదాపు ఆగిపోయింది.

కొట్టడం, అవమానించడం మాత్రం ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోవద్దు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. ఆటిజం ఉన్న పిల్లవాడు ఇంటికి వచ్చి జరిగింది చెప్పలేకపోవచ్చు కాబట్టి బడికి వెళ్లేటప్పుడు హఠాత్తుగా మొండికేయడం, ఒంటి మీద గుర్తులు, నిద్రలో ఉలికిపాటు వంటివి తేలికగా తీసుకోకండి.

9. ఇంట్లో తెలుగు మానకండి

ఇంగ్లీషు మీడియం బడులు, కొన్నిసార్లు థెరపిస్టులు కూడా, "రెండు భాషలైతే బాబు తికమకపడతాడు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అంటారు. రెండు భాషల మధ్య పెరగడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట మరింత ఆలస్యమవుతుందని పరిశోధనలు చెప్పడం లేదు. పైగా నానమ్మకు రాని భాషలో పిల్లవాడిని పెంచితే అతనితో మాట్లాడే మనుషులే తగ్గిపోతారు. మాటలు తక్కువ ఉన్న పిల్లవాడికి అది చిన్న నష్టం కాదు. రాయడం, పరీక్షలు వేరే సంగతి. 2016 చట్టం 17వ సెక్షన్ రెండో, మూడో భాషల నుంచి మినహాయింపుకు, పరీక్షలో అదనపు సమయానికి, రాసిపెట్టే సహాయకుడికి అవకాశం కల్పించింది. వీటిని పదో తరగతిలో హఠాత్తుగా అడిగితే బోర్డు పాత రికార్డు అడుగుతుంది, కింది తరగతుల నుంచే ఉత్తరాలు దాచిపెట్టండి.

10. బడి కాదన్నప్పుడు

ఇప్పుడు సంచి అడుగున ఉన్న చట్టాన్ని తీయవచ్చు. 2016 చట్టం 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిధులు పొందే బడులే కాక ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి బడీ వివక్ష లేకుండా చేర్చుకోవాలి, తగిన సర్దుబాట్లు చేయాలి. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రవేశానికి పిల్లలను వడపోసే పరీక్షలను నిషేధించింది, 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు పిల్లవాడిని బడి నుంచి పంపించివేయకూడదు. ఆచరణలో ఎవరూ "తీసేస్తున్నాం" అనరు. "మీరే టీసీ తీసుకుంటే బాబుకు మంచిది" అంటారు. ఆ మాటకు తలూపి టీసీ దరఖాస్తు మీద సంతకం పెడితే మీరే స్వచ్ఛందంగా వెళ్లినట్లు అవుతుంది. "ఈ మాట రాతపూర్వకంగా ఇవ్వండి, ఇంట్లో ఆలోచించుకుంటాం" అని లేచి రండి. సగం సందర్భాల్లో విషయం అక్కడే ఆగిపోతుంది.

ఆగకపోతే మెట్లు ఇవి. మొదట ప్రిన్సిపాల్‌కు లేఖ, రసీదుతో. పది రోజుల్లో జవాబు రాకపోతే మండల విద్యాధికారికి, తర్వాత జిల్లా విద్యాధికారికి. జిల్లా సమగ్ర శిక్షా కార్యాలయంలో సహిత విద్యను, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలు మామూలు బడిలో చదివే ఏర్పాట్లను, చూసే కోఆర్డినేటర్ ఉంటారు, వారు బడితో నేరుగా మాట్లాడితే త్వరగా పని జరుగుతుంది. అప్పటికీ తేలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. విచారణలో కమిషనర్‌కు సివిల్ కోర్టుకు ఉండే అధికారాలు ఉంటాయి, చట్టాన్ని ఉల్లంఘించినవారికి మొదటిసారి 10,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మరొక తలుపు. ఫిర్యాదులో కోపం వద్దు, తేదీలు కావాలి. సమావేశం తర్వాత పంపిన ఆ చిన్న ఉత్తరాలన్నీ ఇక్కడ అక్కరకొస్తాయి.

ఫిర్యాదు పెట్టే ముందు మాత్రం ఇంట్లో ఒక ప్రశ్న వేసుకోండి: గెలిచాక ఈ బడిలోనే పిల్లవాడిని రోజూ ఆరు గంటలు వదిలి రాగలమా? కొందరికి జవాబు అవును, ఊళ్లో మరో బడి లేదు. మాకు ఒకసారి కాదు అనే వచ్చింది, బడి మార్చాం. ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

11. ఏప్రిల్‌లో చేయవలసిన పని

ఏడాదంతా కష్టపడి నేర్పిన టీచరు జూన్‌లో మారిపోతుంది. చివరి పని దినాల్లోనే వచ్చే ఏడాది క్లాస్ టీచర్ ఎవరో అడిగి తెలుసుకుని, ఇద్దరు టీచర్లను పదిహేను నిమిషాలు కలిపి కూర్చోబెట్టండి. మీరు రాసిన పేజీని ఈ ఏడాది టీచరు చేత దిద్దించండి, ఆమెకు ఇప్పుడు మీకు తెలియనివి కూడా తెలుసు. కొత్త క్లాసు గది, కొత్త బల్ల, అక్కడి నుంచి మరుగుదొడ్డికి వెళ్లే దారి ఫోనులో ఫొటోలు తీసుకుని వేసవి సెలవుల్లో పిల్లవాడికి అప్పుడప్పుడు చూపించండి. బడి తెరవడానికి రెండు రోజుల ముందు, టీచర్లు మాత్రమే వచ్చే రోజున, ఖాళీగా ఉన్న ఆ గదిలో అతన్ని అరగంట తిరగనివ్వండి. పోయిన జూన్‌లో మావాడు బల్లలన్నీ లెక్కపెట్టి, తన బల్ల మీద బొమ్మల పట్టీ పెట్టి, నేరుగా వేపచెట్టు దగ్గరికి వెళ్లి కడ్డీ కోసం వెతికాడు.